ఇంతకుముందెప్పుడైనా ఇలా వచ్చిందా?

డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగినప్పుడు మేం స్కాన్ గది బయట ఉన్నాం. చక్రాల మంచం మీద మా తమ్ముడు రత్నం, వాడి తల దగ్గర వాడి భార్య కరుణ, కాళ్ల దగ్గర నేను. డాక్టరమ్మ చిన్న వయసుది. నా దగ్గర చదువుకున్న పిల్లల ఈడే ఉంటుంది. "ఇంతకుముందెప్పుడైనా ఇలా వచ్చి, దానంతటదే తగ్గిపోయిందా?" అని అడిగింది. కరుణ ఒకసారి భర్త మొహంలోకి చూసింది. వాడు చెప్పొద్దన్నట్టు కళ్లు మూసుకున్నాడు. "వచ్చిందండీ," అంది కరుణ. "పోయిన నెల్లో. ఎడం చెయ్యి పడిపోయినట్టయి, పావుగంటలో మళ్లీ మామూలైపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నారు. బీపీ బిళ్లలు కూడా మూడు నెలల్నుంచీ మానేశారండీ." డాక్టరమ్మ తలూపి, అదంతా రాసుకుని, మంచాన్ని లోపలికి తోయించింది. తలుపు మూసుకుంది. నేను అక్కడున్న ఇనప కుర్చీలో కూర్చున్నాను. కరుణ నా చెయ్యి పట్టుకుని, "ఏం కాదు వదినా, మనం టైముకే వచ్చామన్నారుగా," అంటూ ఏడ్చింది. నా కళ్లలో నీళ్లు రాలేదు. యాభై ఏళ్ల కిందట ఇదే ఊళ్లో, ఇంకో ఆసుపత్రిలో, ఇదే ప్రశ్న మా అమ్మని ఒక డాక్టరుగారు అడిగారు. నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు విన్న జవాబు వేరు.

ముందు ఆ ఉదయం సంగతి చెప్పాలి. బెజవాడ పటమటలో ముప్పై ఏళ్లు బడిపిల్లలకి తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను. రత్నం నాకన్నా ఆరేళ్లు చిన్న. కంకిపాడు సెంటర్లో వాడికి ఫొటో స్టూడియో ఉంది. రోజూ ఎనిమిదింటికి, టిఫిన్ తిని కొట్టు తియ్యబోయే ముందు నాకు ఫోన్ చేస్తాడు. ఆ రోజూ చేశాడు. "అక్కా, తిన్నావా," అన్నాడు. ఆ రెండు మాటలూ నోట్లో ఉప్మా ముద్ద పెట్టుకుని అన్నట్టున్నాయి. "ఏం తింటున్నావురా," అన్నాను. "ఏం తినట్లేదు," అన్నాడు. అదీ అలాగే ఉంది. వీడియోలోకి రమ్మన్నాను. ఫోను కరుణ పట్టుకుంది. "నవ్వరా," అన్నాను. "ఏందక్కా పొద్దున్నే," అంటూ నవ్వాడు. మూతి కుడివైపే కదిలింది. రెండు చేతులూ ఎత్తమంటే ఎడంచెయ్యి కాస్త లేచి, దానికదే కిందికి జారిపోయింది. వాడికి ఆ సంగతే తెలియలేదు. "రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదక్కా, అంతే. కాసేపు పడుకుంటే తగ్గిపోద్ది."

"కరుణా, వాడు ఎప్పటిదాకా బాగున్నాడు?" అని అడిగాను. "ఏడున్నరకి ఇడ్లీ తిన్నారు వదినా, బానే ఉన్నారు. కాఫీ ఇవ్వనా? బీపీ బిళ్ల వెయ్యనా?" అంది. "ఏమీ వెయ్యొద్దు, మంచినీళ్లు కూడా పొయ్యొద్దు, గొంతులో అడ్డం పడుద్ది. పక్కకి తిప్పి పడుకోబెట్టు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యి. స్కానింగ్ ఉన్న పెద్దాసుపత్రికే తీసుకురా, దార్లో ఏ చిన్న డాక్టరు దగ్గరా ఆపమాకు," అని అరిచాను. మా చర్చిలో ఒకసారి ఒక డాక్టరుగారు వచ్చి ఇవన్నీ చెప్పారు. తతిమ్మా వాళ్లు విని మర్చిపోయారేమో గానీ నేను ఒక్క ముక్క మర్చిపోలేదు. బందరు రోడ్డు మీద ఆ వేళప్పుడు స్కూలు బస్సుల రద్దీ. వాళ్లు ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదింపావు. తలలో రక్తనాళంలో గడ్డ కట్టిందనీ, నాళం చిట్లలేదనీ స్కాన్‌లో తేలింది. మొదలైన నాలుగున్నర గంటల్లోపు వస్తేనే ఇచ్చే ఇంజెక్షన్ పది కాకముందే ఇచ్చారు. మధ్యాహ్నానికి వాడు ఎడంచేత్తో నా వేలు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, కానీ పట్టుకున్నాడు.

నేను మాత్రం ఆ పగలంతా ఆసుపత్రిలో లేను. మనసులో, చిన్నప్పటి లాకుల దగ్గర ఉన్నాను.

మా నాన్న యోహాను కాలువ లస్కరు, నీళ్లని ఆపి వదిలే లాకు తలుపులు చూసుకునే ఉద్యోగి. కంకిపాడుకి మూడు మైళ్లలో, కాలువ మీద లాకుల దగ్గర, సర్కారువారి రెండు గదుల క్వార్టర్లో నేనూ తమ్ముడూ పుట్టాం. ఇంటి ముందు కాలువ, వెనక వరి. లాకులోంచి నీళ్లు దూకే హోరు మా చెవులకి ఎంత అలవాటంటే, వేసవిలో కాలువ కట్టేసిన మొదటి రోజు మాకు తోచేది కాదు. నాన్న తెల్లవారుజామునే లేచి, వేపపుల్ల నోట్లో పెట్టుకుని, నీటి మట్టం గీతలున్న రాయి దగ్గరికి వెళ్లేవాడు. ఎన్ని అడుగులుందో చూసి, అక్కణ్ణించే అమ్మకి కేకేసి చెప్పేవాడు. ఆ సంగతి ఆమెకి దేనికని మేం నవ్వుకునేవాళ్లం. అమ్మ కూడా పొయ్యి దగ్గర్నుంచి "ఆఁ" అని కేకేసేది. అదే వాళ్ల పలకరింపు. అమ్మ పేరు రాహేలమ్మ. పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

ఆ ఇంటి వాసన అంటే నాకు మూడు కలిసి వస్తాయి: తడి రాయి మీది పాచి, నాన్న చుట్ట, చూరుకి వేలాడే ఉప్పుచేప. చేప మాకు కొదవ లేదు. లాకు తలుపుల దగ్గర పడ్డవాటిని అమ్మ చీల్చి, ఉప్పు దట్టించి, ఎండేసేది. నాన్న అన్నంలోకి వేపుడు ఉప్పుచేప ఉండాలి, ఊరగాయ ఉండాలి, అవి ఉన్నా కంచం అంచున చిటికెడు రాళ్లుప్పు ఉండాలి. చుట్టలు రోజుకి నాలుగు. ఒక ఏడు డిపార్టుమెంటువాళ్లు లస్కర్లందరికీ డాక్టరు చేత పరీక్ష చేయించినప్పుడు, నాన్నకి రక్తపోటు ఎక్కువగా ఉందనీ, ఉప్పు తగ్గించాలనీ, చుట్ట మానాలనీ చెప్పి బిళ్లలు ఇచ్చారట. పది రోజులు వేసుకున్నాడు. తలనొప్పి పోయింది. పోయింది కదా అని మిగతావి గూట్లో పెట్టాడు. "రోగం లేనోడికి మందెందుకే," అనేవాడు అమ్మతో. మనిషి చూడటానికి ఇనపగుంజలా ఉండేవాడు. ఇద్దరు తిప్పే మరని ఒక్కడే తిప్పి షట్టరు లేపేవాడు. అలాంటివాడికి జబ్బు ఉందంటే మాకే నమ్మకం కలగలేదు, ఆయనకేం కలుగుతుంది?

సాయంత్రం లాంతరు వెలిగించగానే కుటుంబ ప్రార్థన. నాన్న చాప మీద కూర్చుని బైబిలు చదివేవాడు. నాలుగో తరగతి దాటని మనిషి, అయినా ఆయన చదువుతుంటే ప్రతి అక్షరమూ కడిగి పెట్టినట్టు వినబడేది. ఒత్తులు మింగితే నన్నూ ఊరుకునేవాడు కాదు. "మాట నోట్లో నానకూడదమ్మా. బయటికొచ్చేటప్పుడు పొడిగా రావాలి," అనేవాడు. నేను తెలుగు టీచర్ని కావడానికి నాకు తెలిసిన కారణం అదొక్కటే.

నాకు పదమూడో ఏడు. కాలువలకి కొత్తనీళ్లు వదిలిన వారం. పైనుంచి ఎర్రటి నీళ్లు వస్తున్నాయి. నాన్నకి తిండికి ఇంటికి వచ్చే తీరిక లేక, మధ్యాహ్నం క్యారేజీ నేనే లాకుల మీదికి తీసుకెళ్లేదాన్ని. ఆ రోజు ఒక ఇటుకల పడవ లాకులో నిలబడి ఉంది. నీళ్లు నిండి, పడవ పైకి లేవాలి. నాన్న రాతి దిమ్మ మీద కూర్చుని చుట్ట వెలిగించబోయాడు. అగ్గిపెట్టె కుడిచేతిలోంచి జారింది. వంగి తీశాడు, మళ్లీ జారింది. మూడోసారి వేళ్లు అసలు ముడుచుకోలేదు. ఆ చేతిని ఎవరిదో వస్తువన్నట్టు చూసుకున్నాడు. "నాన్నా," అన్నాను. నావైపు తిరిగాడు. మూతి ఒక పక్కకి దిగిపోయి ఉంది. ఏదో అన్నాడు. నా పేరే అనుకుంటాను. మాట నాని ముద్దయిపోయింది. నేను క్యారేజీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. పడవ మీద కళాసు మమ్మల్ని చూడకుండా తాడు చుట్టుకుంటున్నాడు. నీళ్లు రాయి రాయి ఎక్కుతున్నాయి. పడవ పూర్తిగా లేచేసరికి నాన్న వేళ్లు కదిలాయి. మూతి చక్కబడింది. రెండు మూడు సార్లు నోరు తెరిచి మూసి, "తిమ్మిరెక్కింది," అన్నాడు. మాట పొడిగానే వచ్చింది.

లేచి వెళ్లి లాకు తలుపు తెరిచాడు. పడవ వెళ్లిపోయింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మకి చెప్పమాకు. కంగారుపడుద్ది," అన్నాడు. నేను తలూపలేదు. "ఇట్టా అయిందని మా పైన సూపర్నెంటుగారి చెవిన పడితే పనికి చాలడని రాసేస్తారు. ఈ క్వార్టర్ తీసేసుకుంటారు. నువ్వూ తమ్ముడూ ఎక్కడ చదువుకుంటారే? నా తల్లివి కదా." అప్పుడు తలూపాను. ఆయన క్యారేజీ విప్పి అన్నం తిన్నాడు. ఆ రోజు అన్నం కలిపినంతసేపూ నేను ఆయన వేళ్లనే చూశాను. ఇంటికొచ్చాక అమ్మ, "తిన్నాడా?" అని అడిగింది. "తిన్నాడు," అన్నాను. అంతకన్నా ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. నోరు మూసుకోవడం ఇంత తేలికా అనిపించింది.

మూడో రోజు ఆదివారం. గుడికి బయల్దేరుతున్నాం. నాన్న ఇస్త్రీ చొక్కా ఎడంచెయ్యి తొడుక్కుని, కుడిచేతికి వెతుక్కుంటున్నాడు. చొక్కా చెయ్యి అక్కడే వేలాడుతోంది, ఆయన చెయ్యి దానికి అందడం లేదు. రత్నం ఆయన ఆటాడుతున్నాడనుకుని కిలకిలా నవ్వాడు. నాన్న గోడకి ఆనుకుని మెల్లగా జారి కూర్చున్నాడు, తర్వాత పక్కకి ఒరిగిపోయాడు. అమ్మ పెట్టిన కేకకి పొలాల్లోవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎవరో సోడా తెమ్మన్నారు. ఎవరో తల పైకెత్తి నోట్లో పోశారు. అది లోపలికి పోక ముక్కులోంచి వచ్చి, నాన్న ఉక్కిరిబిక్కిరై, కళ్లు తేలేశాడు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. పడవ లేచేంతసేపు ఆగితే తగ్గిపోతుందని నాలో నేను లెక్కపెట్టుకుంటున్నాను. ఎన్ని పడవలు లేచేంతసేపు గడిచిందో, తగ్గలేదు.

పక్క ఊరి నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. ఆమె మాటంటే అందరికీ గురి. చూడగానే, "గాలి సోకింది. బెజవాడ తీసుకెళ్తే సూదులు పొడిచి చంపుతారు. కాలవవతల వైద్యుడున్నాడు, పావురాయి రక్తం పట్టిస్తాడు. మా తోడికోడలు లేచి నడవలేదా?" అంది. అమ్మ ఒక్కసారి, "ఆసుపత్రికి పోదాం వదినా," అంది. "నీకేం తెలుసు," అంది మేనత్త. అమ్మ ఊరుకుంది. రెండెడ్ల బండి మీద నాన్నని తీసుకెళ్లారు. రెండు రోజులు ఒక పాకలో నాన్న కుడిభాగమంతా పావురాల రక్తం పూసి, దాని మీద ఏదో నూనె రుద్ది, దుప్పటి కప్పి ఉంచారు. ఆ పచ్చి నెత్తుటి వాసన, దాని మీద ముసిరే ఈగలు, నేను పక్కన కూర్చుని ఒక తాటాకు ముక్కతో వాటిని తోలడం. నాన్న కళ్లు తెరిచే ఉండేవి. నావైపే చూసేవి. ఏం అంటున్నాయో నాకు తెలుసుననుకున్నాను. నువ్వు చెప్పలేదు కదా, మంచి పని చేశావు అంటున్నాయనుకున్నాను. కాదు, ఎందుకు చెప్పలేదు అంటున్నాయేమోననీ అనుకున్నాను. ఇప్పటికీ తెలియదు.

మూడో రోజు జ్వరం వచ్చింది. అప్పుడు సూపర్నెంటుగారే జీపు పంపి బెజవాడ ఆసుపత్రిలో చేర్పించారు. మేం ఎవరికైతే భయపడి దాచామో, ఆయనే. ఆసుపత్రిలో నెరిసిన జుట్టు డాక్టరుగారు నాన్న కాలి కింద గీసి చూసి, రెప్పలెత్తి చూసి, అమ్మవైపు తిరిగి, "ఏమ్మా, ఇంతకుముందెప్పుడైనా ఇలా వచ్చిందా? మాట తడబడ్డం, చెయ్యి పడిపోవడం, కాసేపట్లో తగ్గిపోవడం?" అని అడిగారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "లేదండీ," అంది. నేను అమ్మ పక్కనే ఉన్నాను. నోరు తెరిచాను కూడా. డాక్టరుగారు నావైపు చూడలేదు. "అదొస్తే అప్పుడే తీసుకురావాలమ్మా. అది హెచ్చరిక. అప్పుడైతే బిళ్లలతో ఏదన్నా ఆపే వీలుంటుంది. ఇప్పుడు చెయ్యగలిగింది తక్కువ," అని పక్క మంచానికి వెళ్లారు. ఆ 'హెచ్చరిక' అన్న మాట నా తలలో దిగబడిపోయింది. తర్వాత పిల్లలకి పాఠంలో ఆ మాట వచ్చినప్పుడల్లా అర్థం చెప్పకుండా పక్క మాటకి వెళ్లిపోయేదాన్ని.

నాన్న ఎనిమిదేళ్లు బతికాడు. కుడిచెయ్యి ఛాతీకి ముడుచుకుపోయింది. ఆయన నోట ఒక్క మాటే మిగిలింది: వద్దు. ఆకలేసినా వద్దు, దాహమేసినా వద్దు, తమ్ముడు బడినుంచి రాగానే ఎడంచెయ్యి చాపి దగ్గరికి పిలుస్తూ కూడా వద్దు, వద్దు. ఆ మాట పలికే తీరుని బట్టి మేం అర్థం చేసుకునేవాళ్లం. కొత్తగా వచ్చినవాళ్లు వద్దంటున్నాడు కదా అని గ్లాసు వెనక్కి తీసేసుకునేవాళ్లు. అప్పుడు ఆయన ఏడ్చేవాడు. బైబిలు ఒళ్లో పెట్టించుకుని పేజీ తెరిచి, మొదటి వాక్యం మీద వేలు పెట్టి, నోరు తెరిచేవాడు. వద్దు అనే వచ్చేది. కొన్నాళ్లకి బైబిలు అడగడం మానేశాడు. క్వార్టర్ పోయింది. కంకిపాడులో ఒక గదికి మారాం. అమ్మ మిషను హాస్టల్లో ఆయాగా చేరింది. అదే హాస్టల్లో ఉండి నేను చదువుకున్నాను. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు సాయంత్రం పూట నాన్న ముడుచుకుపోయిన వేళ్లు ఒక్కొక్కటీ విప్పి నూనె రాసేదాన్ని. ఆ ఒక్క పనికే అమ్మ నన్ను రానిచ్చేది. అన్నం తినిపించడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, అన్నీ ఆమే. "నేను చేస్తానమ్మా, నువ్వు కాస్సేపు పడుకో," అంటే "నీకెందుకు, అది నా పని," అనేది. నన్ను దూరం పెడుతోందనుకునేదాన్ని. నేను దాచిన సంగతి ఆమెకి ఎలాగో తెలిసిందనీ, అందుకే నా చేతి ముద్ద ఆయన నోటికి పోనివ్వడం లేదనీ అనుకునేదాన్ని. ఎనిమిదేళ్లూ ఆ భయంతోనే ఆ ఇంట్లోకి అడుగు పెట్టాను.

నాన్న పోయాక అమ్మ ఇంకో పాతికేళ్లు ఉంది. మేం మళ్లీ ఆ రోజు గురించి మాట్లాడుకోలేదు. పెళ్లయి, పిల్లలు పుట్టి, ఉద్యోగం చేసి, నేనూ ముసలిదాన్నయ్యాను. ఎవరి మాటైనా తడబడితే ఉలిక్కిపడేదాన్ని. క్లాసులో ఒక పిల్లాడి పెన్సిలు జారిపడితే పాఠం ఆపేసి వాడి చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. టీచరుకి చాదస్తమని నవ్వుకునేవాళ్లు. ఇంట్లో ఉప్పు కొలిచి వేస్తానని మా ఆయన జీవితమంతా నన్ను వేళాకోళం చేశాడు.

రత్నం ఇంటికొచ్చిన మూడు వారాలకి చూడ్డానికి కంకిపాడు వెళ్లాను. మధ్యాహ్నం. వాడు వరండాలో కూర్చుని, ఎడంచేత్తో రబ్బరు బంతిని నొక్కుతున్నాడు. నడక కొద్దిగా తేడా, మాట దాదాపు బాగుపడింది. "ఉప్పు లేని కూర తిని బతకడం కన్నా పోవడమే నయమక్కా," అన్నాడు. లోపలి నుంచి కరుణ, "మీకేం, పోతారు. తర్వాత పడేది మేం," అంది. డాక్టరమ్మ రాసిచ్చిన బిళ్లల డబ్బా వాడి కుర్చీ పక్కనే ఉంది. ఇవాళ్టి గడిలోవి వేసుకున్నాడా అని చూశాను. వేసుకున్నాడు. కరుణ వంటింట్లోకి వెళ్లాక ఎందుకో నాకు ఆగలేదు. పదమూడో ఏట లాకుల మీద చూసింది, దాచింది, ఆసుపత్రిలో నోరు తెరిచి మూసుకున్నది, అంతా వాడికి చెప్పేశాను. డాక్టరమ్మని కూడా అడిగాననీ, ఈ ఇంజెక్షన్ ఆ రోజుల్లో లేనే లేదని ఆవిడ అన్నారనీ, కానీ లాకుల మీద అలా అయిన రోజే తీసుకెళ్లి ఉంటే ఏదన్నా చెయ్యగలిగేవాళ్లేమోనని అడిగితే, "అది ఎవరూ చెప్పలేరమ్మా," అని కిందికి చూశారనీ చెప్పాను.

వాడు బంతి నొక్కడం ఆపేశాడు. "అమ్మకి తెలుసక్కా," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు చూసింది కాదు. అది ఆమెకి తెలవదు. ఆమె ఇంకోసారి చూసింది. నాన్న పడిపోడానికి నాలుగు రోజుల ముందంట. పెరట్లో మొహం కడుక్కుంటా చెంబు పట్టుకోలేకపోయాడంట నాన్న. మూతి వంకరపోయిందంట. కాసేపటికి సర్దుకున్నాక, అమ్మాయికి తెలియనివ్వమాకు, బెదిరిపోద్ది అన్నాడంట. సూపర్నెంటుగారి సంగతీ చెప్పాడంట." వాడు ఒక్కో మాటా కూడదీసుకుంటున్నాడు. అలిసిపోయినందుకో, ఇంకెందుకో. "ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగితే లేదండీ అన్నానురా, తెలిసి ఎందుకు తీసుకురాలేదంటే ఏం చెప్పాలో తెలవక అట్టా అనేశానురా అని నా దగ్గర ఏడ్చింది. నా చేతులారా నేనే చంపుకున్నాననేది."

ఆ ఆసుపత్రి గదిలో ఇద్దరం పక్కపక్కనే నిలబడి ఉన్నాం. ఆమె కొంగు నా భుజానికి తగులుతోంది. ఆమె దగ్గర ఒక నిజం, నా దగ్గర ఒక నిజం. ఆయన ఇద్దరికీ విడివిడిగా తాళం వేసి, ఇద్దరి దగ్గరా తాళంచెవి తీసేసుకుని వెళ్లిపోయాడు. ఎవరి మీద కోప్పడాలి? ఆయన చేసింది మా గూడు పోకూడదని. అది పోనే పోయింది. ఎనిమిదేళ్లు ఆమె తినిపించిన ప్రతి ముద్దా, నేను విప్పిన ప్రతి వేలూ ఒకే తప్పుకి మేం చెల్లించుకున్నవి. ఒకరికొకరం చెప్పుకోకుండా, ఒకే గదిలో. చెప్పుకుని ఉంటే నాన్న బాగుపడేవాడని నేను అనను. ఆ రోజుల్లో స్కాన్ లేదు, ఇంజెక్షన్ లేదు, అంబులెన్సు లేదు. ఇవాళ నా తమ్ముడి మొహం పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి నా అరచేతిలో కనబడింది. ఇవన్నీ నిజం. కానీ నోరు అప్పుడూ ఉంది. మాట అప్పుడూ ఉంది. కరుణ భర్త కళ్లు మూసుకున్నా లెక్కచెయ్యకుండా 'వచ్చిందండీ' అంది చూశారా, ఆ ఒక్క మాటకి ఏ యంత్రమూ అక్కర్లేదు. మా ఇద్దరికీ అదే చేతకాలేదు.

"నాకెందుకు చెప్పలేదురా ఇన్నాళ్లూ?" అన్నాను.

"నీకు తనే చెప్తానంది. నువ్వు అడ్డం పడమాకు, అది నేనే దానికి చెప్పుకోవాలి అంది. చివర్లో నువ్వు వచ్చి ఉన్నావుగా పది రోజులు. చెప్పే ఉంటదనుకున్నా."

ఉన్నాను. సెలవు పెట్టి వచ్చి, ఈ ఇంట్లోనే, లోపలి గదిలో ఆమె మంచం పక్కన పది రోజులు ఉన్నాను. ఆమెకి స్పృహ బాగానే ఉండేది. మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక, నావైపు తిరిగి, "సువార్తా, నీతో ఒక మాట చెప్పాలే. మీ నాన్న సంగతి," అనేది. లాకుల మీద ఏం చూశావని అడుగుతుందనుకునేదాన్ని. యాభయ్యో పడికి దగ్గర పడుతున్నదాన్ని, పదమూడేళ్ల పిల్లనైపోయేదాన్ని. "తర్వాత చెబుదువుగానిలే అమ్మా. గంజి చల్లారిపోతోంది, తెస్తానుండు," అని లేచేదాన్ని. వంటింట్లో పొయ్యి దగ్గర ఊరికే నిలబడి, ఆమెకి కునుకు పట్టిందని నమ్మకం కలిగాకే వచ్చేదాన్ని. అలా మూడుసార్లు లేచి వెళ్లాను. ఆ తర్వాత ఆమె మళ్లీ పిలవలేదు.